ఇన్సులిన్ పంపు మొరాయించినప్పుడు: లోపం పట్టుకోవడం, క్యాన్యులాకు సరైన చోటు ఎంచుకోవడం

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, సిరొంచ వైపు ఉంటూ ఇన్సులిన్ పంపు (ఒంటికి తగిలించుకుంటే చర్మం కిందికి రోజంతా ఇన్సులిన్ పంపే చిన్న యంత్రం) వాడేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పంపు అమర్చి మోతాదులు నిర్ణయించిన వైద్యులు సాధారణంగా నాగపూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. పంపు మొరాయించేది మాత్రం ఇంట్లో, అదీ చాలాసార్లు అర్ధరాత్రి. దగ్గరలో ఉన్న దవాఖానాలో పంపును ఎన్నడూ చూడని వైద్యుడు ఉండవచ్చు. కాబట్టి మొదటి రెండు మూడు గంటల్లో ఏం చేయాలో పంపు ధరించినవారికే కాక, ఇంట్లో కనీసం ఇంకొకరికి కూడా క్షుణ్ణంగా తెలిసి ఉండాలి.

పంపు సమస్యలని మనం చెప్పుకొనేవాటిలో ఎక్కువ భాగం నిజానికి యంత్రానివి కావన్నది నా అభిప్రాయం. అవి చర్మం కింద ఉండే ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల మెత్తటి గొట్టానివి, అంటే క్యాన్యులావి. లేదా దాన్ని గుచ్చిన చోటువి. అందుకే ఇక్కడ యంత్రం కంటే చర్మం గురించే ఎక్కువగా చెప్పవలసి వస్తుంది. కింద ఇచ్చిన అంకెలు సాధారణంగా పాటించేవి. మీ వైద్యులు వేరే హద్దులు రాసి ఇచ్చి ఉంటే వాటినే అనుసరించండి. చిన్నపిల్లలకు, గర్భిణులకు ఆ హద్దులు ఇంకా కిందనే ఉంటాయి.

కారణం తెలియకుండా షుగర్ పెరిగితే

పంపులో నింపేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే. రోజుకొకసారి దీర్ఘకాలిక ఇన్సులిన్ సూది వేసుకునేవారి ఒంట్లో ఎంతో కొంత నిల్వ ఉంటుంది, పంపు వాడేవారికి ఆ నిల్వ ఉండదు. ప్రవాహం ఆగిపోతే గంటా రెండు గంటల్లోనే షుగర్ ఎక్కడం మొదలవుతుంది, నాలుగైదు గంటలకు రక్తంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి పుట్టే ఆమ్ల పదార్థాలు) పేరుకోవడం మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి ఊడిన క్యాన్యులాను ఎవరూ గమనించకపోతే, తెల్లవారేసరికి పరిస్థితి ఐసీయూ దాకా వెళ్ళవచ్చు.

తిన్నదానికి, తీసుకున్న బోలస్‌కు (తిండికో, పెరిగిన షుగర్‌ను దించడానికో ఒకేసారి ఇచ్చే మోతాదుకు) పొంతన లేకుండా షుగర్ 250 దాటిందనుకోండి. ముందుగా చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, వేలి రక్తంతో మళ్ళీ పరీక్షించండి. మామిడిపండు కోసిన చేతితో, చెరకు రసం అంటిన వేలితో తీసిన రీడింగ్ ఉత్తినే మూడు వందలు చూపించగలదు. షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపే సెన్సర్ పెట్టుకున్నవారు కూడా ఇక్కడ వేలి పరీక్షనే నమ్మడం మంచిది. ఆ తర్వాత కీటోన్లు చూడాలి. రక్తంలో కీటోన్ చూసే పట్టీలు చిన్న ఊళ్ళలో దొరకకపోవచ్చు. మూత్రంలో చూసే పట్టీలు దొరకడం తేలిక, కాకపోతే సీసా మూత తెరిచిన తేదీని దాని మీదే రాసుకుని, ఆరు నెలలు దాటితే పారేయాలి.

రక్తంలో కీటోన్ (లీటరుకు మిల్లీమోల్‌లలో) 0.6 కంటే తక్కువగా ఉంటే పంపు ద్వారానే దిద్దుబాటు బోలస్ ఇచ్చి, గంట తర్వాత మళ్ళీ చూడవచ్చు. షుగర్ దిగుముఖం పడితే సరే. అలా కాక అక్కడే నిలిచి ఉన్నా, ఇంకా పెరిగినా, ఇక ఆ సెట్టును, అంటే క్యాన్యులానూ దానికి కలిసిన ట్యూబునూ, నమ్మవద్దు. రెండో దిద్దుబాటు పంపుతో కాదు, సిరంజీతోనో పెన్నుతోనో వేసుకోవాలి. ఇక మొదటి పరీక్షలోనే కీటోన్ 0.6 లేదా అంతకంటే ఎక్కువ కనిపిస్తే, మూత్రం పట్టీ రంగు మారితే, గంట ఆగవలసిన పని కూడా లేదు; వెంటనే సూది వేసుకోవాలి. ఎన్ని యూనిట్లో మీ వైద్యుడు ముందుగానే రాసి ఇచ్చి ఉండాలి, లేకపోతే ఈ వారంలోనే ఫోన్ చేసి రాయించుకోండి.

ఇక్కడ వరుస ముఖ్యం: సూది ముందు, వెతుకులాట తర్వాత. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. ట్యూబు చూస్తారు, బ్యాటరీ మారుస్తారు, మాన్యువల్ తిరగేస్తారు, కంపెనీ నంబరుకు ఫోన్ చేసి లైనులో వేచి ఉంటారు. ఈ లోపల గంటన్నర గడిచిపోతుంది, ఒంట్లోకి ఒక్క యూనిట్ కూడా వెళ్ళి ఉండదు. సూది వేసుకున్నాక సెట్టు మొత్తం మార్చండి: కొత్త క్యాన్యులా, కొత్త ట్యూబు, కొత్త రిజర్వాయర్ (పంపులో ఇన్సులిన్ నింపే చిన్న గొట్టం), వీలైతే కొత్త సీసాలోని ఇన్సులిన్, శరీరం మీద వేరే చోటు. నీళ్ళు బాగా తాగండి. షుగర్ చూసి దానంతటదే బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా వెళ్ళే ఇన్సులిన్) సవరించే పంపు అయితే, సిరంజీతో వేసుకున్న ఇన్సులిన్ సంగతి దానికి తెలియదు కనుక, అది పనిచేసే నాలుగైదు గంటలూ ఆటో మోడ్ ఆపి మాన్యువల్‌లో ఉంచడం క్షేమం. లేకపోతే అదీ ఇదీ కలిసి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది.

కీటోన్ 1.5 దాటితే వైద్యుడికి ఫోన్ చేయాలి. 3.0కు చేరినా, వాంతులు ఆగకపోయినా, కడుపులో నొప్పి వచ్చినా, ఊపిరి లోతుగా వేగంగా ఆడుతున్నా ఇంట్లో ఆగకూడదు. మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ అంబులెన్స్ నంబరు 108 ఒక్కటే.

లోపం ఎక్కడుందో వెతకడం

ప్రాణాపాయం తప్పాక వెతుకులాట మొదలుపెట్టవచ్చు. పంపు నుంచి చర్మం వైపుకు, ఇన్సులిన్ ప్రయాణించే దారి వెంటే చూసుకుంటూ రావడం మంచి పద్ధతి. పంపు సస్పెండ్‌లో (ఇన్సులిన్ ఇవ్వకుండా ఆపిన స్థితిలో) ఉండిపోయిందా, గడియారం సరిగ్గా ఉందా అన్నది మొదట చూడండి. బ్యాటరీ మార్చినప్పుడు పగలు పన్నెండు రాత్రి పన్నెండుగా మారిపోతే, తెల్లవారుజామున రావలసిన బేసల్ మధ్యాహ్నం వస్తుంది. షుగర్ రోజంతా ఎగుడుదిగుడుగా ఉంటుంది కానీ అలారం మోగదు. తర్వాత రిజర్వాయర్: ఎంత మిగిలింది, గాలి బుడగలున్నాయా, అంచున తడి ఉందా. ఆ తర్వాత ట్యూబు అతుకు. అక్కడ ముక్కు పెట్టి వాసన చూడండి. ఇన్సులిన్‌లో కలిపే ఫినాల్ జాతి పదార్థాల వల్ల దానికి గాయాలకు కట్టు కట్టే గదిలో వచ్చే వాసన ఉంటుంది. పొడిగా కనిపించే అతుకు దగ్గర, ప్లాస్టర్ మీద ఆ వాసన వస్తే ఎక్కడో కారుతున్నదన్నమాట. ఈ లీకులకు పంపు అలారం ఇవ్వదు, ఎందుకంటే దాని దృష్టిలో ప్రవాహానికి అడ్డమేమీ లేదు.

చివరికి క్యాన్యులా. తీసిన వెంటనే చెత్తబుట్టలో వేయకండి. ట్యూబ్‌లైటు కింద, తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. నిటారుగా ఉండవలసిన గొట్టం మొదట్లోనే మోకాలిలా వంగి ఉంటే, గుచ్చినప్పుడే మడత పడిందని అర్థం; షుగర్ పెరగడం సెట్టు మార్చిన రెండు మూడు గంటలకే మొదలై ఉంటుంది. కొన దగ్గర కొద్దిగా నలిగి ఉంటే పడుకున్నప్పుడో బరువు ఎత్తినప్పుడో ఒత్తిడి పడింది. గొట్టం నిండా ముదురు రక్తం ఉంటే చిన్న రక్తనాళం తగిలింది. గొట్టం బాగానే ఉండి చర్మం మాత్రం ఎర్రగా, వెచ్చగా, ముడితే నొప్పిగా ఉంటే ఆ చోట వాపు మొదలయింది. ఈ ఎరుపు అంచు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి ఉంచితే, మరునాటికి అది గీత దాటిందో లేదో తెలుస్తుంది. దాటినా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా దవాఖానాకు వెళ్ళవలసిందే. మామూలు పసుపు, ఆకు పసర్లు ఆ రంధ్రం మీద పెట్టవద్దు.

క్యాన్యులాలు పదేపదే వంగుతుంటే దాని అర్థం సాధారణంగా రెండింటిలో ఒకటి: చోటు సరైనది కాదు, లేదా పొడవు సరైనది కాదు. కొవ్వు తక్కువగా ఉన్న సన్నటి ఒంటికి, ముఖ్యంగా పిల్లలకు, నిటారుగా దిగే తొమ్మిది మిల్లీమీటర్ల గొట్టం కండరాన్ని తాకి మడత పడుతుంది. అటువంటివారికి ఆరు మిల్లీమీటర్లది గానీ, ఏటవాలుగా గుచ్చే సెట్టు గానీ నప్పుతుంది. వంగడానికే అవకాశం లేని స్టీలు సూది సెట్లు కూడా ఉన్నాయి. వాటిని రెండు రోజులకొకసారి మార్చాలి, కానీ అలారాలతో విసిగిపోయినవారు ఒకసారి ప్రయత్నించి చూడదగినవి.

చోటు ఎంచుకోవడం

పొట్ట, నడుముకు రెండు పక్కలా, పిరుదుల పైభాగంలో బయటివైపు, తొడ బయటివైపు, పై చేతి వెనుక భాగం: ఇవి సాధారణంగా అనుమతించే చోట్లు. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేయాలి. మచ్చలు, ఆపరేషన్ కుట్లు, ప్రసవం తర్వాతి చారలు, గట్టిపడిన చోట్లు వదిలేయాలి. ఇంతవరకు ఏ పంపు పుస్తకంలోనైనా ఉంటుంది. మన కట్టూబొట్టూ, మన కూర్చునే తీరు మాత్రం ఆ పుస్తకాల్లో ఉండవు, అసలు తిప్పలన్నీ అక్కడే వస్తాయి.

చీర కట్టేవారికి లంగా బొందు ఎక్కడ బిగుస్తుందో, కుచ్చిళ్ళు ఎక్కడ దోపుతారో ఆ పట్టీ మొత్తం పనికిరాదు. ఉదయం పెట్టిన క్యాన్యులా మధ్యాహ్నానికి బొందు ఒరిపిడితో లేచిపోతుంది. బొందుకు మూడు వేళ్ళు పైన పొట్ట పక్కభాగం గానీ, పిరుదు పైభాగం గానీ మేలు. పంచె, లుంగీ కట్టేవారు ముడి పడే చోటును, మొలతాడు ఒరిసే చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మొలతాడు తీసేయమని చెప్పడం నా ఉద్దేశం కాదు. దానికి రెండంగుళాల దూరం పాటిస్తే చాలు. చంటిబిడ్డను చంకనెత్తుకునే తల్లులు బిడ్డ కాళ్ళు తగిలే నడుము పక్కను వదిలి, రెండో పక్కను వాడాలి. పై చేతి వెనుక పెట్టుకోదలచినవారు జాకెట్టు చేయి ఎంతవరకు వస్తుందో చూసుకోవాలి. బిగుతు చేయి తొడిగేటప్పుడు, విప్పేటప్పుడు ప్లాస్టర్‌తో సహా లాగేస్తుంది.

నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేసే ఇళ్ళలో పొట్ట మీది చోటును నిలబడి ఎంచుకోకూడదు. ఒక బాల్‌పెన్ను తీసుకోండి. నిలబడి, మీకు నచ్చిన చోట చిన్న చుక్క పెట్టండి. ఆ తర్వాత నేల మీద కూర్చుని, ముందుకు వంగి కంచంలో చేయి పెట్టినట్టు చేయండి. గొంతుక్కూర్చోండి, అటూ ఇటూ పక్కకు పడుకోండి. చుక్క ఏ మడతలోనైనా మాయమైతే ఆ చోటు వద్దు. మోకాళ్ళు పొట్టకు ఆనుకునే చోటు కూడా వద్దు. అన్ని భంగిమల్లోనూ చదునుగా కనిపించిన చుక్క దగ్గరే గుచ్చండి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు పడుతుంది. మొదటి నెలలో ప్రతిసారీ చేస్తే, ఆ తర్వాత చేత్తో తడిమితేనే తెలిసిపోతుంది.

పని రకాన్ని బట్టి కూడా చోటు మారాలి. సిరొంచ వైపు వరినాట్లు వేసేవారు, మే నెలలో తునికాకు కోతకు వెళ్ళేవారు గంటల కొద్దీ వంగి ఉంటారు. వారికి పొట్ట కంటే పిరుదు పైభాగమో పై చేయో నయం. సైకిలు మీద బడికి వెళ్ళే పిల్లలకు తొడ మీద పెడితే, తొక్కేటప్పుడు ఆ కండరానికి రక్తం ఎక్కువగా పారి ఇన్సులిన్ మామూలు కంటే వేగంగా ఎక్కుతుంది, బడికి చేరేసరికి షుగర్ తగ్గిపోవచ్చు. బస్సులో దూరం ప్రయాణం చేయవలసిన రోజున, సీటుకు ఆనుకునే వెనుక వైపున పెట్టవద్దు. చిన్నపిల్లలకు పిరుదు పైభాగం అన్నిటికంటే మంచిదని నేననుకుంటాను: అక్కడ కొవ్వు ఉంటుంది, వాళ్ళ చేతికి అందదు, పీక్కోవాలన్న ఆలోచన రాదు.

చోట్లను తిప్పడం అన్నది అందరూ చెప్పేదే, కొందరే చేసేది. అలవాటైన చోట నొప్పి తెలియదు కనుక అక్కడే మళ్ళీ మళ్ళీ గుచ్చడం సహజం. నొప్పి తెలియకపోవడానికి కారణం అక్కడ కొవ్వు గడ్డకట్టి ఉండటమే కావచ్చు. స్నానం చేసేటప్పుడు సబ్బు నురుగు ఉండగా వేళ్ళతో పొట్టను, తొడలను నెమ్మదిగా తడమండి. చుట్టూ ఉన్న చర్మం కంటే రబ్బరులా గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలే చోట్లలో ఇన్సులిన్ ఒకరోజు ఎక్కుతుంది, ఒకరోజు ఎక్కదు. వాటికి కొన్ని నెలలు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. గడ్డకట్టిన చోటు నుంచి మంచి చోటుకు మారినప్పుడు అదే మోతాదు ఎక్కువగా పనిచేసి షుగర్ పడిపోవచ్చు. మారే ముందు వైద్యుడితో మాట్లాడి, మొదటి రెండు మూడు రోజులు తరచుగా పరీక్షించుకోండి.

తిప్పడానికి తేలికైన పద్ధతి: బొడ్డుకు కుడి, ఎడమ, కుడి పిరుదు, ఎడమ పిరుదు అని నాలుగు భాగాలు చేసుకుని, ఒక్కో భాగంలో ఒక్కో వారం ఉండటం. అదే భాగంలో ప్రతి కొత్త రంధ్రమూ పాతదానికి కనీసం అంగుళం ఎడంగా ఉండాలి. సెన్సర్ కూడా వాడేవారు దానికీ క్యాన్యులాకూ మధ్య రెండంగుళాలు వదలాలి. గోడ మీది క్యాలెండరులో ఆ రోజు గడిలో ‘కు.పొ.’, ‘ఎ.పి.’ అని రాసుకుంటే చాలు, యాప్ అక్కరలేదు.

మెత్తటి గొట్టాన్ని రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. వారం దాకా ఉంచుకునేలా ప్రత్యేకంగా తయారుచేసిన సెట్లు ఉన్నాయి కానీ, మామూలు సెట్టును వారం ఉంచుకోవడం వేరు. సెట్ల ఖరీదు భరించలేక నాలుగైదు రోజులు లాగేవారు ఉన్నారని తెలుసు, వారిని తప్పుపట్టలేము. అయినా మూడో రోజు దాటాక షుగర్ ఎక్కడం మొదలైతే, మోతాదు పెంచుకుంటూ పోవడం వల్ల ఆదా అయ్యేదేమీ ఉండదు.

సెట్టు మార్చడానికి ఉదయం, టిఫిన్ బోలస్‌కు ముందు సమయం మంచిది. ఆ బోలస్ గొట్టం సరిగ్గా ఉందో లేదో తేల్చేస్తుంది, రెండు మూడు గంటల తర్వాత పరీక్షించడానికి మీరు మెలకువగా ఉంటారు. పడుకోబోయే ముందు మార్చడం, తప్పనిసరి అయితే తప్ప, వద్దు. ఇన్సులిన్‌ను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే నింపకండి. చల్లటి ద్రవం రిజర్వాయర్‌లో వేడెక్కుతూ గాలి వదిలి బుడగలు కడుతుంది. అరగంటో గంటో గది వేడికి ఉంచి, నెమ్మదిగా లాగి, గోటితో తట్టి బుడగలను పైకి తెచ్చి బయటికి నెట్టాలి. స్పిరిట్ దూదితో తుడిచిన చర్మం పూర్తిగా ఆరాకే గుచ్చాలి.

ట్యూబు నింపే పని, రివైండ్ చేసే (పంపు లోపలి మరను వెనక్కి తిప్పే) పని మాత్రం ట్యూబు ఒంటికి తగిలించి ఉండగా ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. రిజర్వాయర్‌లో మూడు వందల యూనిట్ల వరకు ఉండవచ్చు. ట్యూబు నింపే కొద్దిపాటి ఇన్సులిన్ కూడా ఒక పిల్లవాడికి ప్రమాదకరం.

విదర్భ ఎండలు

చంద్రపూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. పంపుల్లో వాడే ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటిన వేడికి గురైతే పారేయాలన్నది దాని తయారీదారుల సూచన. పంపు యంత్రానికి కూడా చాలా కంపెనీలు చెప్పే పైహద్దు 37 నుంచి 40 డిగ్రీల మధ్యనే ఉంటుంది. అంటే మన వేసవి మధ్యాహ్నంలో చెట్టు నీడ కూడా ఆ హద్దులకు బయటే ఉంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, వేడికి పాడైన ఇన్సులిన్ చాలాసార్లు నీళ్ళలా తేటగానే ఉంటుంది. తెల్లగా మారలేదు కనుక బాగుందనుకోవడానికి లేదు.

ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వానల దాకా రిజర్వాయర్ నిండా నింపకుండా, రెండు రోజులకు సరిపడా మాత్రమే నింపడం నా దృష్టిలో అన్నిటికంటే ప్రయోజనకరమైన జాగ్రత్త. పాడైతే పోయేది కొద్దిగానే ఉంటుంది, పారేయడానికి మనసు ఒప్పుతుంది. పంపును బెల్టు మీద ఎండకు తగిలేలా పెట్టకుండా, వదులైన నూలు బట్ట లోపల ఉంచుకోండి. బయట గాలి 45 ఉన్నప్పుడు ఒంటిని ఆనుకున్న చోటే దానికంటే చల్లన. ట్యూబును కూడా బయటికి వేలాడనివ్వకండి, అందులోని సన్నటి ధార చాలా త్వరగా వేడెక్కుతుంది. మోటారు సైకిలు డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో, బస్సు పైకప్పు మీది సామానులో ఇన్సులిన్ గానీ విడి సెట్లు గానీ పెట్టవద్దు.

వాడని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపు అరలో కాకుండా మధ్య అరలో ఉండాలి. మంచుగడ్డల పెట్టెకు ఆనించవద్దు, ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, దాన్ని తడుపుతూ ఉండటం పొడి వేసవిలో బాగా పనిచేస్తుంది. సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపలి కుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పాలి. పక్కన ఒక చిన్న థర్మామీటరు పెట్టి నిజంగా ఎంత చల్లగా ఉందో చూసుకోవాలి. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇదే కుండ అంత చల్లదనం ఇవ్వదు.

చెమట, నూనె, నీళ్ళు

ప్లాస్టర్ ఊడిపోవడానికి చెమట ఒక కారణమైతే, తలంటు ఇంకో కారణం. నూనె రాసుకున్న చర్మానికి ఏ ప్లాస్టరూ అంటదు. కాబట్టి తలంటు పోసుకునే రోజునే సెట్టు మార్చే రోజుగా పెట్టుకుంటే ఇబ్బంది తీరుతుంది: పాతది తీసి, స్నానం కానిచ్చి, కొత్తది పెట్టబోయే చోటును సబ్బుతో రెండుసార్లు కడిగి, ఆరనిచ్చి గుచ్చండి. పాత ప్లాస్టర్ జిగురు పోవడానికి మాత్రం కొబ్బరినూనె చక్కగా పనికొస్తుంది. గుచ్చే చోట టాల్కం పౌడరు వేయకండి. చెమట ఎక్కువగా పట్టేవారు క్యాన్యులా ప్లాస్టర్ పైన పారదర్శకమైన డ్రెస్సింగ్ గానీ మైక్రోపోర్ పట్టీ గానీ అంచుల వెంట వేసుకోవచ్చు. ట్యూబును అరంగుళం చుట్ట చుట్టి చర్మానికి వేరే పట్టీతో అతికిస్తే, ఎక్కడైనా తగులుకున్నప్పుడు ఆ లాగుడు క్యాన్యులా దాకా రాదు.

నీళ్ళు తట్టుకుంటుందని చెప్పిన పంపు కూడా, కింద పడి సన్నటి పగులు వచ్చాక తట్టుకోదు. ప్రాణహితలో స్నానానికి దిగేటప్పుడు ట్యూబు ఉన్న పంపును విప్పి, నీడలో, తడిగుడ్డ పక్కన, తెలిసినవారి చేతికి ఇచ్చి దిగండి. గంటలోపు అయితే సాధారణంగా ఫరవాలేదు. గంట దాటితే ఆ లోటును సిరంజీతో పూరించాలి.

షుగర్ పడిపోయినప్పుడు

70 కంటే తగ్గితే మూడు టీస్పూన్ల గ్లూకోజ్ పొడో పంచదారో నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ చూడండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకూడదు. ఇంట్లోవారు ముందు ట్యూబును క్యాన్యులా దగ్గర విప్పేసి, ఒకవైపుకు పడుకోబెట్టి, 108కి ఫోన్ చేయాలి. గ్లూకగాన్ (షుగర్‌ను త్వరగా పెంచే మందు) ఇంట్లో ఉంటే, నేర్పిన విధంగా వెంటనే ఇవ్వాలి. పంపు మీటలు తెలియని అత్తగారికి కూడా ట్యూబు ఎలా విప్పాలో మాత్రం ఒకసారి చేయించి చూపించండి. తగ్గినప్పుడు సస్పెండ్ చేసిన పంపును మళ్ళీ మొదలుపెట్టడం మరచిపోవడం చాలా మామూలు కనుక, ఫోన్‌లో అలారం పెట్టుకోవడం మంచిది.

అడ్డంకి అలారం గురించి ఒక్క మాట. అది మోగితే నమ్మండి, మోగకపోతే నమ్మకండి. బేసల్ తక్కువగా ఉన్న చిన్నపిల్లల్లో, గొట్టం మూసుకుపోయాక ఒత్తిడి పెరిగి పంపు గుర్తించేసరికి గంటలు పట్టవచ్చు.

దగ్గర ఉంచుకోవలసిన సంచి

పంపు పూర్తిగా ఆగిపోయే రోజు వస్తుందనే అనుకుని, ఒక చిన్న సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. అందులో రెండు సెట్లు, రిజర్వాయర్లు, మాన్యువల్‌లో చెప్పిన రకం బ్యాటరీలు, దాని మూత తిప్పడానికి ఒక రూపాయి బిళ్ళ, కీటోన్ పట్టీలు, గ్లూకోజ్ ఉండాలి. పంపులోని బేసల్ వేళలు, ఎంత తిండికి ఎన్ని యూనిట్లు, ఒక యూనిట్‌కు షుగర్ ఎంత తగ్గుతుంది అన్న లెక్కలు కాగితం మీద రాసి పెట్టాలి. పంపు చెడిపోతే ఆ అంకెలు కూడా దానితోనే పోతాయి. దీర్ఘకాలిక ఇన్సులిన్ ఎంత వేసుకుని నెట్టుకురావాలో వైద్యుడి చేతి రాతతో అదే కాగితం మీద ఉండాలి.

సిరంజీల విషయంలో మన దేశంలో ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. మందుల దుకాణాల్లో 40 యూనిట్ల సిరంజీలు, 100 యూనిట్ల సిరంజీలు రెండూ దొరుకుతాయి. ఎర్ర మూత ఉన్నది 40ది, నారింజ రంగు మూత ఉన్నది 100ది. పంపులో వాడే ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజీలో పది గీతల దాకా లాగితే వెళ్ళేది పది కాదు, ఇరవై ఐదు యూనిట్లు. రాత్రి పూట తొందరలో దుకాణానికి వెళ్ళినవారు ‘ఇన్సులిన్ సూది ఇవ్వండి’ అని మాత్రమే అడుగుతారు. అందుకే నారింజ మూత సిరంజీలు పది ముందుగానే కొని సంచిలో వేసి ఉంచండి. ఇదే జాగ్రత్త సీసాకూ వర్తిస్తుంది. 40 యూనిట్ల సీసాలోని ఇన్సులిన్‌ను పంపులో నింపకూడదు.

అదే సంచిలో మరాఠీలో, తెలుగులో రాసిన ఒక అట్టముక్క కూడా పెట్టండి: ‘ఈయనకు టైప్ 1 మధుమేహం. నడుముకున్నది ఇన్సులిన్ పంపు. దాన్ని తీస్తే వెంటనే వేరే మార్గంలో ఇన్సులిన్ ఇవ్వాలి, పూర్తిగా ఆపకూడదు.’ కింద మీ వైద్యుడి ఫోన్ నంబరు. ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ తీసే ముందు పంపు విప్పి గది బయట పెట్టాలి. ఎంఆర్ఐకి స్టీలు సూది ఉన్న సెట్టునైతే ఒంటి మీది నుంచి పూర్తిగా తీసేయాలి. ఆపరేషన్‌కు తీసుకువెళ్ళేటప్పుడు పంపు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఇన్సులిన్ ఎలా ఇస్తారు అని మత్తు ఇచ్చే వైద్యుడిని ముందురోజే అడిగి, ఆ సమాధానాన్ని కేసు షీటులో రాయించండి.